పందెపు బాట పక్కన మూడు ఆదివారాలు

నెల్లూరు నుంచి మద్రాసుకు రోడ్డు మీద పోయేవారిలో షోళవరం పేరు వినని వారుండరు. ఆ దరిదాపుల చెరువు తప్ప చూడవలసినదేమీ లేదనుకొని కునుకు తీస్తాము. నేనూ ఇరవై యేళ్ళపాటు అట్లాగే కునుకు తీశాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం అక్కడ పరచిన బాట మీద, యుద్ధం ముగిసిన తరువాత కొన్ని దశాబ్దాలు మోటారు పందేలు జరిగాయని నాకు తెలిసింది ఈ మధ్యనే. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాటిని నడిపింది. తరువాత క్లబ్బువారు నగరానికి మరో దిక్కున, బెంగుళూరు రోడ్డు మీద, శ్రీపెరుంబుదూరుకు ఇవతల, ఇరుంగాట్టుకోట్టై అనే చోట సొంతంగా ఒక బాట వేసుకున్నారు. 1990 నుంచి పందేలు అక్కడే జరుగుతున్నాయి. ఇప్పుడు దానిని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి మోటారు పందేలతో ఏమి పని అంటారా? పని కల్పించినది మా అక్కయ్య.

మా మేనల్లుడు మద్రాసులో ఇంజనీరు. నెలజీతంలో మిగిల్చుకున్నది మిగిల్చుకున్నట్టే తీసుకుపోయి ఈ పందేల్లో పోస్తాడు. పందెం వున్న ఆదివారం మా అక్కయ్య గుడికి పోదు, టీవీ పెట్టదు. వంటింట్లో అక్కరలేని పనులు కల్పించుకుంటుంది. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతుంది. సాయంత్రం వాడు ఫోను చేసి "అయిపోయిందమ్మా" అన్న తరువాతనే కూర్చుంటుంది.

ఒకనాడు నన్ను పిలిచి చెప్పింది.

"ఒరే, నువ్వొకసారి పోయి చూసిరా. వాడేమో భయం లేదమ్మా అంటాడు. భయం లేదనే వాడి మాట నేనెట్లా నమ్మేది? నీకు కెమేరా వుంది గదా, ఫోటోలు తీసుకురా. నా కళ్ళతో నేను చూస్తా."

నాకు కెమేరా వున్నమాట నిజమే. మా కాలేజీ వార్షికోత్సవాల్లో దండలు వేసేవారిని తీసిన అనుభవమూ వుంది. అయితే అది వేరే విద్య. దండ పట్టుకున్న పెద్దమనిషి, ఫోటో పడిందని తెలిసేదాకా దండ వేయడు.

మొదటి ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, మద్రాసు ఊళ్ళోకి పోకుండా వెలుపలి రింగు రోడ్డు పట్టుకొని బెంగుళూరు దారిలో కలిశాను. శ్రీపెరుంబుదూరు అనగానే మనకు తోచేది రామానుజులవారి జన్మస్థలం. ఇప్పుడా దారి పొడుగునా కార్ఖానాలే. ఇరుంగాట్టుకోట్టైలోనే 1998లో హ్యుందాయ్ వారి కార్ల తయారీ మొదలైంది. కొత్త కార్లను రెండంతస్తులుగా పేర్చుకొని పోయే లారీలు నన్ను దాటిపోతున్నాయి. కార్లు పుట్టే చోటనే వాటికి పరుగుపందేలు పెట్టడం సబబుగానే వుందనుకున్నాను.

బాట పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. ఒక పక్క జనం కూర్చునే మెట్లు. మలుపుల దగ్గర అదుపు తప్పిన బండిని ఆపడానికి పేర్చిన పాత టైర్ల గోడలు. అక్కడక్కడ జెండాలు పట్టుకొని ఎండలో నిలబడ్డ మనుషులు. పసుపు జెండా వూపితే ముందు ప్రమాదం వున్నది, ఎవరినీ దాటకూడదని అర్థం. ఎర్ర జెండా అయితే పందెమే ఆగిపోతుంది. నలుపు తెలుపు గళ్ళ జెండా పందెం ముగిసినదానికి. కాలిన రబ్బరు, పెట్రోలు, సాంబారు పొట్లాలు కలిసిన వాసన. అంబులెన్సు ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి వుంది. అక్కయ్యకు దాని సంగతి చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మావాడు నడిపేది ఫార్ములా తరగతి చిన్న బండి. చిన్న దోనెకు బయట నాలుగు చక్రాలు తగిలించినట్టు వుంటుంది. పైకప్పు లేదు. లోపల పడుకున్నట్టు కూర్చుంటే బయటికి కనిపించేది హెల్మెట్టు ఒక్కటే. మావాడిది ఎర్రది.

పందెం మొదలైంది. మోత వినిపించింది, కెమేరా ఎత్తాను, నొక్కాను. మోత వెళ్ళిపోయింది. చూచుకుంటే ఖాళీ రోడ్డు. మళ్ళీ ఎత్తాను. ఈసారి బండి తోక మాత్రం దక్కింది. ఇట్లా మూడువందల దాకా తీసిన తరువాత కెమేరా కన్ను సెకనులో రెండువేలవ వంతు మాత్రమే తెరుచుకునేట్టు పెట్టి, బండి ఇంకా దూరాన వుండగానే నొక్కడం మొదలుపెట్టాను. అప్పుడు దక్కాయి, ఇరవై ఫోటోలు. బండి, దాని అంకె, ఎర్ర హెల్మెట్టు, చివరకు టైరు మీది అక్షరాలు సహా స్పష్టంగా వచ్చాయి. సంతోషంతో ఇంటికి వచ్చి అక్కయ్య చేతిలో పెట్టాను.

అక్కయ్య కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటే చూచింది.

"ఇదేమిట్రా, బండి నిలబెట్టి తీశావా?"

"లేదక్కయ్యా, పోతుండగానే తీశాను."

"ఇంతేనా! ఇంత నిదానంగా పోయేదానికా నేను ఇన్నాళ్ళూ నిద్ర చెడగొట్టుకున్నది?" అని నవ్వింది. ఆ రోజు పాయసం కూడా చేసింది.

పాయసం తిన్నాను గాని గొంతు దిగలేదు. ఆ బాట పక్కన నిలబడినప్పుడు నా గుండెలో పుట్టిన దడకూ, ఆ ఫోటోలకూ సంబంధమే లేదు. నేనేమీ అబద్ధమాడలేదు. నా ఫోటోలు ఆడాయి. అక్కయ్య వాటిని నమ్మింది.

ఎందుకట్లా వచ్చాయో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసి చూచుకున్నాను. బండి గంటకు 144 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాము. అంటే సెకనుకు 40 మీటర్లు. సెకనులో రెండువేలవ వంతులో అది జరిగేది 2 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి తీసిన ఫోటోలో 2 సెంటీమీటర్లు కంటికి ఆనవు. చక్రం ఆకులు గూడా లెక్కపెట్టుకోవచ్చు. తిరగని చక్రం, కదలని బండి, వెనుక కదలని చెట్టు! చూచేవారికి వేగం తెలియడానికి ఆధారమేది? అదే సెకనులో అరవయ్యవ వంతు తెరిస్తే బండి 67 సెంటీమీటర్లు జరుగుతుంది. అప్పుడు కెమేరాను కదలకుండా పట్టుకుంటే బండి అలుక్కుపోయి పొగలాగా వస్తుంది. అది మావాడని అక్కయ్య గుర్తు గూడా పట్టలేదు.

మధ్యే మార్గం ఏమిటి? ఆలోచిస్తూ పుస్తకాలు తిరగవేస్తుంటే ఒక పాత ఫోటో కంటబడింది. ఫ్రాన్సులో 1894లో పుట్టిన జాక్ ఆన్రీ లార్తీగ్, ఇరవై యేళ్ళు నిండకముందే ఒక మోటారు పందెంలో తీసినది. అది 1912 నాటిదని చాలాకాలం చెప్పుకున్నారు. ఆనాటి కెమేరాలో ఫిలిం ముందు ఒక సన్నని సందు పైనుంచి కిందికో కిందినుంచి పైకో జరుగుతూ వెలుగును పంపేది. అది జరిగే లోపల కారూ కదిలింది, కారు వెంట అతడూ కెమేరాను తిప్పాడు. అందువల్ల కారు చక్రం కోడిగుడ్డులాగా సాగి ముందుకు ఒరిగింది. రోడ్డు పక్కన చూచే జనం వెనక్కు ఒరిగారు. కారు ముందుభాగం ఫోటోలోనే లేదు. ఏ పాఠం ప్రకారం చూచినా చెడిపోయిన ఫోటోయే. అయినా దాన్ని చూచినవాడు ఒక్క అడుగు వెనక్కు వేస్తాడు. 1963లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో లార్తీగ్ ఫోటోలు ప్రదర్శించేనాటికి ఆయనకు డెబ్బయి దగ్గరపడ్డాయి. ఆ కారు మాత్రం ఈనాటికీ పరుగెత్తుతూనే వుంది. కెమేరా గూడా బండితో కదలాలి, రహస్యం అక్కడే వున్నదని తెలిసింది. కాని తెలియడం వేరు, చేతికి రావడం వేరు.

రెండవ ఆదివారం నాకు గురువు దొరికాడు. కంచె దగ్గర ఒక పెద్దాయన, డెబ్బయి పైబడ్డవాడు, తలకు తువ్వాలు చుట్టుకొని నిలబడి వున్నాడు. నా తిట్లు తెలుగులో వుండడం విని పలకరించాడు.

"ఏమండీ, నెల్లూరా? నేను మీ దగ్గరే, సూళ్ళూరుపేట. కుర్రవాడుగా వున్నప్పటి నుంచి షోళవరంలో తీసేవాణ్ణి. అప్పుడు చుట్టకు ముప్పయ్యారు ఫోటోలే. మీరిప్పుడు పావుగంటలో మూడు చుట్టలు తగలేశారు."

సిగ్గుపడ్డాను. ఆయన నవ్వి, నా పాదాల వైపు చూచాడు.

"ముందు కాళ్ళు సరిచేసుకోండి. బండి వచ్చేవైపు కాదు, ఎక్కడ నొక్కదలచుకున్నారో ఆ వైపుకు పాదాలు పెట్టండి. ఇప్పుడు నడుము పైభాగం మాత్రం బండి వచ్చేవైపు తిప్పండి. మోచేతులు డొక్కలకు ఆనించండి. బండి దూరాన కనిపించగానే పట్టుకోండి. దానితో పాటు నడుము తిరగాలి. మీ ఎదుటికి రాగానే మెల్లగా నొక్కండి. నొక్కిన తరువాత ఆగవద్దు. పోయేదాకా చూపుతో సాగనంపండి."

నేను నొక్కగానే ఆగిపోతున్నాను. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అప్పుడాయన అడిగాడు.

"జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినారా ఎప్పుడైనా?"

చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో తిప్పాను. రాయి వదిలిన తరువాత గూడా చెయ్యి తిరిగిపోతూనే వుంటుంది. వదలగానే చెయ్యి ఆపితే రాయి పక్కవాడి నెత్తిన పడుతుంది. ఆ మాటతో నా నడుముకు విషయం అర్థమైంది. బుద్ధికి అంతకు ముందే అర్థమైందనుకోండి.

పక్క పట్టాల మీద మన రైలుతో సమానంగా మరో రైలు పోతున్నప్పుడు అందులో కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కదలనట్టే కనిపిస్తాడు. వెనుక చెట్లూ చేలూ పరుగెత్తుతాయి. ఈ విద్య కూడా అంతే. బండి వేగంతో కెమేరా తిరిగితే బండి నిలుస్తుంది, లోకం చెరిగిపోతుంది. అయితే బండి మొత్తం ఒక్క తీరున నిలవదు. అది మన ముందునుంచి దాటేటప్పుడు ముక్కు, తోక, నడుమ భాగం మన కంటికి ఒకే వేగంతో తిరగవు. మనం దేనిని పట్టుకొని తిరిగామో అదే స్పష్టంగా వస్తుంది. తక్కినవి కొంచెం అలుక్కుంటాయి.

"అందుకే హెల్మెట్టును పట్టుకోండి" అన్నాడు పెద్దాయన. "చక్రం అలుక్కుపోయినా ఫరవాలేదు. తల అలుక్కుపోతే అందులో మనిషి లేడు."

చెవులను గూడా వాడుకోమన్నాడు. మలుపు ముందు గేరు తగ్గించినప్పుడు ఇంజను మోత మారుతుంది. అది వినగానే కెమేరా ఎత్తితే కళ్ళకు తొందర వుండదు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరం ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ పందెం జరిగింది. 2.8 కిలోమీటర్ల వీధుల బాట అది. ఆ బండ్లకు పెట్రోలు ఇంజను లేదు, సన్నని ఈల వంటి మోతే. అక్కడ చెవి ఇంతగా సాయం చేయదని పెద్దాయన అన్నాడు. ఆ పందెం 2024లో మళ్ళీ జరగవలసింది, రద్దయింది.

మధ్యాహ్నానికి మరో చిక్కు వచ్చింది. అంత ఎండలో కన్ను అరవయ్యవ వంతు సేపు తెరిస్తే వెలుగు ఎక్కువై ఫోటో తెల్లబోతుంది. లోపలి రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి. అట్లా చేస్తే లోపల పడ్డ దుమ్ము రేణువులన్నీ ఆకాశంలో మచ్చలుగా వస్తాయి. లేదా కెమేరాకూ నల్ల కళ్ళద్దం తొడగాలి. పెద్దాయన తన జేబులోంచి ఒక నల్లద్దం తీసి ఇచ్చాడు. ఇక దూరపు బండిని తీద్దామంటే కాలిన రోడ్డు మీద ఎండమావులు లేచి బండి నీళ్ళలో వున్నట్టు వణుకుతున్నది. దానికి మందు లేదు. "దగ్గరకు వచ్చేదాకా ఆగడమే" అన్నాడు.

ఆ రోజు నేను తీసిన రెండువందలలో మూడు పనికివచ్చాయి. వందలో అయిదు దక్కితే పండగ చేసుకోమని ఆయన దీవించాడు. మూడింటిలో ఒక్కటీ మావాడిది కాదు.

మూడవ ఆదివారానికి రెండు నెలల వ్యవధి వుంది. ఆ రెండు నెలలూ సాయంత్రం కాగానే ట్రంకు రోడ్డు పక్కన నిలబడ్డాను. మొదట సైకిళ్ళు, తరువాత ఆటోలు, ఆ తరువాత బస్సులు. ముందు సెకనులో 250వ వంతు, అది చేతికి వచ్చాక 125, చివరకు 60. సైకిలు మీద పోయేవాడు నిదానమే అయినా పైకీ కిందికీ వూగుతాడు, అందుకని వాడే కష్టం. మా విద్యార్థులు కొందరు చూచి, మాస్టారు టీ అంగడి ముందు నిలబడి ఖాళీ చేతులతో గూడా నడుము తిప్పుతున్నారని చెప్పుకున్నారట. నిజమే, తిప్పాను.

మూడవ ఆదివారం పందెం సాయంత్రం పడింది. ఎండ పసుపెక్కి పక్కవాటుగా వస్తున్నది. వెనుక చెట్ల పచ్చదనం, వాటి ముందు జనం కట్టుకున్న రంగురంగుల బట్టలు. చెరిగితే అందంగా చెరిగే నేపథ్యమే. పెద్దాయన పక్కనే వున్నాడు. కాళ్ళు సరిచేసుకున్నాను.

గంటకు 120 సగటు వేగం పట్టినా ఆ బాట చుట్టిరావడానికి నిమిషం 51 సెకన్లు. మూడు చుట్లు మావాడి ఎర్ర హెల్మెట్టు వచ్చిన ప్రతిసారీ పట్టుకున్నాను. నాలుగో చుట్టులో అందరూ వచ్చారు, మావాడు రాలేదు. దూరాన మలుపు దగ్గర పసుపు జెండా వూగుతున్నది.

పెద్దాయన నా మొగం చూచి, నేను అడగకముందే చెప్పాడు: "పసుపేనండీ. ఎర్రది కాదు."

ఆ నిమిషమూ యాభై సెకన్లూ నేనేమి చేశానో తరువాత గుర్తు చేసుకుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. జేబులోంచి గుడ్డ తీసి కెమేరా అద్దం తుడుస్తున్నాను. అది శుభ్రంగానే వుంది. తుడిచి, మళ్ళీ తుడిచి, మళ్ళీ తుడిచాను. నెల్లూరులో వంటింట్లో గిన్నెల చప్పుడు నాకు వినిపించినట్టయింది.

అప్పుడు వచ్చింది ఆ బండి. అందరికంటె వెనుకగా, ఒక పక్కంతా మట్టి కొట్టుకొని, చక్రం సందున గడ్డిపోచలు పెట్టుకొని వచ్చింది. మలుపులో గిర్రున తిరిగి బాట వదిలి మట్టిలోకి పోయి, మళ్ళీ ఎక్కించుకున్నాడట. బతికివున్నాడు గదా అన్న సంతోషంలో ఆ చుట్టు నేను కెమేరా ఎత్తనే లేదు. తరువాతి చుట్టులో ఎత్తాను. ముందరి చుట్ల కన్న వాడు నెమ్మదించలేదు, తొందరపడనూ లేదు. ఎర్ర హెల్మెట్టును కంట పెట్టుకొని తిరిగాను, నొక్కాను, సాగనంపాను.

పందెం తరువాత మావాడు వచ్చి, "మామయ్యా, అమ్మకు మట్టిలోకి పోయిన సంగతి చెప్పొద్దు" అన్నాడు. సరేనన్నాను.

నెల్లూరులో ఆ ఫోటో పెద్దది చేయించాను. వెనుక చెట్లూ జనమూ అన్నీ ఆకుపచ్చ, ఎరుపు, పసుపు గీతలైపోయాయి. రోడ్డు నీళ్ళలాగా పారుతున్నది. చక్రాలు తిరుగుడులో కలిసిపోయాయి. బండి ముక్కూ తోకా కొంచెం సాగాయి. మధ్యన హెల్మెట్టు మాత్రం స్పష్టంగా, దాని మీద మట్టి చుక్కలు సహా వుంది. నేను తీసిన మొదటి నిజమైన ఫోటో అది. దాన్ని అక్కయ్యకు చూపడమా, మానడమా? ముందు ఇచ్చిన ఫోటోలతో ఆమె నిద్రపోతున్నది. రెండు రోజులు బీరువాలోనే పెట్టాను. చివరకు, నా కళ్ళతో నేను చూస్తానన్న మనిషికి కళ్ళకు గంతలు కట్టే హక్కు నాకు లేదనిపించింది.

అక్కయ్య చాలాసేపు చూచింది.

"ఇంత వేగమా?"

"అంతే."

"మరి మొదట తెచ్చినవి?"

"అవి నాకు తీయడం రానప్పటివక్కయ్యా."

మళ్ళీ చూచింది. "బండికి ఈ మట్టేంది?"

మేనల్లుడికి ఇచ్చిన మాట తప్పి జరిగింది చెప్పాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి పోతుందనుకున్నాను, పోలేదు. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొంది.

"చుట్టూ అన్నీ చెరిగిపోయినాయి గాని, వీడి తల మాత్రం బెదరలేదు" అన్నది చివరకు.

మొదటి ఫోటోల కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదని తరువాత చెప్పింది. మళ్ళీ పందెం వచ్చినప్పుడు, అయిపోగానే ఫోను చేయమని వాడికి గుర్తు చేయనా అని అడిగాను.

"అయిపోయినాక కాదు, మొదలుపెట్టే ముందు చెయ్యమను" అన్నది అక్కయ్య.